ఎక్కే కాలికి మెట్టు, తగిలే రాయికి ఇనుము: రెండూ ఒకటి కావు



మొన్న ఆదివారం మన గ్రూపులో ఒక ప్రతిపాదన వచ్చింది. కార్తీక వనభోజనాల లోపు సంఘం బొలెరోకి రాక్ స్లైడర్లు బిగించాలట. బళ్లున్న సభ్యులు కూడా కలిస్తే టోకు ధరకి వస్తాయట. పైపు మీద సంఘం పేరు చెక్కి ఇస్తారట. బొలెరోకి అయ్యే ఖర్చు సంక్షేమ నిధిలోంచి తీయాలట. రాత్రి పడుకునే లోపు ఆ పోస్టు కింద నలభై బొటనవేళ్లు లేచాయి. "ఎందుకు?" అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

మేం అడుగుతున్నాం. మేమంటే ఆ బొలెరోని వంతులవారీగా తోలే నలుగురం. అర్ధరాత్రి ఫోను వస్తే తాళాలు పట్టుకుని లేచేది మేమే. టైరు దిగిపోతే బురదలో పడుకుని జాకీ వేసేదీ మేమే. ఈ ప్రతిపాదన మాకు సమ్మతం కాదు. పోస్టు పెట్టిన తమ్ముళ్ల మీద మాకు కోపం లేదు, వాళ్లు మంచి మనసుతోనే పెట్టారు. కానీ సంక్షేమ నిధి మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆస్పత్రి అవసరాలకని నెలనెలా వేసిన డబ్బు. అందులోంచి రూపాయి తీసేటప్పుడు అది ఎవరి కాలికి, ఎవరి ప్రాణానికి పనికొస్తుందో చెప్పి తీయాలి. కొంచెం పొడుగ్గా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ఫొటోలో ఉన్నదేమిటో చూద్దాం. నల్ల రంగు పైపు, పైన రెండు ప్లాస్టిక్ అడుగుపట్టీలు, కింద మూడు సన్నటి రేకు క్లాంపులు. పేరు మాత్రం "రాక్ స్లైడర్ కమ్ సైడ్ స్టెప్". ఒక్క వస్తువు, రెండు పనులు! వినడానికి బాగానే ఉంది. కానీ ఆ రెండు పనులూ ఒకదానికొకటి పొసగవు.

సైడ్ స్టెప్ పని మనిషి కాలిని మోయడం. మహా అయితే ఎనభై, తొంభై కేజీలు. కాలు పెట్టేది కాబట్టి నేలకి దగ్గరగా, కొంచెం బయటికి ఉండాలి, జారకుండా గరుకుగా ఉండాలి. రాక్ స్లైడర్ పని బండి బరువు మోయడం. డోరు కింద ఉండే రేకు గడప రాయి మీద కూర్చోబోతే, ఆ బరువుని తను తీసుకుని ఛాసీకి చేర్చాలి. బొలెరో లాంటి బండిలో ఒక పక్క సగం బరువు పడినా ఎనిమిది వందల కేజీల మాట. రాయికి తగలకూడదు కాబట్టి అది ఎంత పైకి, ఎంత లోపలికి ఉంటే అంత మంచిది. ఒకటి కిందికి ఉండాలి, ఇంకొకటి పైకి ఉండాలి. ఒకటి బయటికి రావాలి, ఇంకొకటి లోపలికి పోవాలి. ఈ రెంటినీ ఒకే పైపులో ఇస్తామని చెప్పేవాడు కాలికీ న్యాయం చేయడు, రాయికీ చేయడు.

ఇది మేం పుస్తకం చదివి చెప్పడం లేదు. మన బండికే రెండుసార్లు జరిగింది.

మొదటిది పోయిన కార్తీకంలో. జయపురం నుంచి బైపారిగుడ, రామగిరి మీదుగా గుప్తేశ్వరం వెళ్లాం. బండి నిండా పెద్దవాళ్లు. అంతకు నెల ముందే ఒక షాపులో కొత్త సైడ్ స్టెప్పులు బిగించి ఉన్నాయి. గుడి దగ్గర దిగేటప్పుడు ఒక పిన్నిగారు, అరవై దాటిన మనిషి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని స్టెప్పు మీద కాలు పెట్టారు. స్టెప్పు కిందికి తిరిగిపోయింది. ఆవిడ పక్కకి పడ్డారు. చీలమండ విరిగింది. గుహలో స్వామిని చూడకుండానే జయపురం ఆస్పత్రికి తిరిగొచ్చాం. ఆవిడ నాలుగు నెలలు మంచం మీదే ఉన్నారు. తర్వాత మేం కింద దూరి చూస్తే, ఆ స్టెప్పు ఛాసీకి బిగించి లేదు. గడప రేకుకి నాలుగు స్క్రూలతో పట్టించి ఉంది. రేకు చిరిగి స్క్రూలు ఊడొచ్చాయి. షాపుకెళ్లి అడిగితే "బరువు ఎక్కువ పడుంటుంది" అన్నారు. పిన్నిగారి బరువు యాభై రెండు కేజీలు.

రెండోది మొన్న శ్రావణంలో. కాశీపురం వైపు ఒక ఊళ్లో మన సభ్యుల బంధువు ఒకాయనకి ఊపిరాడటం లేదని ఫోను వచ్చింది. ఆయన్ని ఎక్కించుకుని రాయగడ వస్తున్నాం. టికిరి రోడ్డు ఎక్కక ముందు, వానకి కోసుకుపోయిన మట్టి దారిలో ఎడమ చక్రం గాడిలోకి జారింది. బండి పక్కకి ఒరిగి స్టెప్పు గట్టు రాయి మీద కూర్చుంది. స్టెప్పు బండిని మోయలేదు, వంగి పైకి లేచి డోరుకి అడ్డం పడింది. ఎడమ వైపు తలుపులు రెండూ తెరుచుకోలేదు. ఆ పెద్దాయన కూర్చున్నది ఆ వైపే. ఆయాసపడుతున్న మనిషిని సీట్ల మీదుగా కుడి వైపుకి లాగి దించాం. దేవుడి దయవల్ల బతికారు. ఆ పది నిమిషాలు మాత్రం మేం మరిచిపోలేం.

మొదటిసారి మెట్టు మెట్టు పని చేయలేదు. రెండోసారి అదే మెట్టు తలుపుకి గడియ అయింది. ఇప్పుడు గ్రూపులో పెట్టిన వస్తువు అదే జాతిది. కొంచెం లావుగా ఉంది, పేరు పెద్దదైంది, అంతే.

"అది రేకు కాదు, ఇనప పైపే కదా" అంటారు. ప్రకటనలోనే బరువు రాసి ఉంది, చూడండి: జత 11 కేజీలు. ఇక లెక్క మనమే వేసుకుందాం. జయపురంలోనో రాయగడలోనో ఏ ఇనుము కొట్టుకి వెళ్లినా పైపు ఎ, బి, సి క్లాసులుగా దొరుకుతుంది. మనకి కావాల్సిన సైజు, అంటే బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లున్న పైపు, సి క్లాసులో 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మీటరుకి సుమారు 4.4 కేజీలు తూగుతుంది. ఒక పక్కకి మీటరున్నర పైచిలుకు పొడవున రెండు వరసలు వేస్తే 14 కేజీలు. ఛాసీకి బిగించే కాళ్లు, ప్లేట్లు, బోల్టులు కలిపితే 20 దాకా వస్తుంది. రెండు పక్కలా 40. పైపు కొంచెం సన్నం చేసినా, ఒక వరస తగ్గించినా 11కి దిగదు. 11 కేజీల జత ఎనిమిది వందల కేజీలు మోస్తుందని నమ్మేవాళ్లు సంతలో తూకం చూడకుండా ఉల్లిపాయలు కూడా కొనరు కదా, మరి దీన్నెలా కొంటారు?

బరువు ఒక్కటే కాదు. బిగింపు అంతకంటే ముఖ్యం. బొలెరో, స్కార్పియో, థార్, గూర్ఖా, జిమ్నీ, వీటన్నిటికీ కింద విడిగా నిచ్చెన లాంటి ఛాసీ ఉంటుంది. స్లైడర్ కాళ్లు దానికి పట్టాలి, గడప రేకుకి కాదు. మన సభ్యుల్లో చాలామందికి ఉన్న బ్రెజా, క్రెటా, డస్టర్ లాంటి బళ్లకి ఆ విడి ఛాసీయే లేదు, బాడీయే ఛాసీ. వాటికి బండిని మోసే స్లైడర్ బిగించడానికి చోటే ఉండదు. టోకు ఆర్డరులో ఆ బళ్ల పేర్లు కూడా ఎలా రాశారో మాకు అర్థం కాలేదు.

ఛాసీ ఉన్న బండికైనా ఛాసీ మీద వెల్డింగు పెట్టకూడదు. ఆ వేడికి వెల్డు పక్కన ఇనుము గుణం మారుతుంది, రంగు పోయి తుప్పు మొదలవుతుంది, పగులు అక్కడి నుంచే పుడుతుంది. కొత్తగా బెజ్జాలు వేయకుండా, ఉన్న బెజ్జాలనే వాడుకుని, వెనక గట్టి ప్లేటు పెట్టి, తల మీద 8.8 అని గానీ 10.9 అని గానీ అచ్చు ఉన్న బోల్టులతో, వదులుకాని నైలాన్ నట్లతో బిగించాలి. పక్కనే పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం, కరెంటు వైర్లు పోతుంటాయి, వాటిని నొక్కకూడదు. స్లైడర్‌కీ గడపకీ మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి. ఎందుకంటే బాడీ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది, గతుకుల్లో అది కదులుతుంది. సందు లేకపోతే మనం పెట్టిన ఇనుమే మన గడపని నొక్కేస్తుంది.

కొత్తగా బిగించుకున్నవాళ్లకి ఒక పరీక్ష చెప్తాం. చదును నేల మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి. కింద ఎవరూ దూరకుండా చూసుకుని, స్లైడర్ నడిమధ్యన జాకీ పెట్టి చక్రం నేల వదిలేదాకా లేపండి. అప్పుడు డోరు తీసి వేయండి. పైపు వంగకుండా, డోరు మామూలుగా తెరుచుకుని మామూలుగా పడితే అది స్లైడర్. జాకీ పెట్టడానికే భయమేస్తే అది అలంకారం. అమ్మేవాడి ముందే ఈ పరీక్ష చేస్తానని చెప్పండి. అతని మొహంలోనే జవాబు కనిపిస్తుంది. ప్లాస్టిక్ పట్టీల సైడ్ స్టెప్పు కింద మాత్రం ఎప్పుడూ జాకీ పెట్టకండి.

ఇంకో సంగతి. "బండి ఎత్తుగా ఉంది, పైపు కొంచెం కిందికి ఉంటే ఏమవుతుంది" అని ఒక తమ్ముడు రాశాడు. జిమ్నీకి కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. గట్టు మీంచి దాటేటప్పుడు పనికొచ్చేది ఆ అంకె ఒక్కటే కాదు. ముందు చక్రం దాటేసి వెనక చక్రం ఇంకా ఇవతలే ఉన్నప్పుడు బండి నడుము గట్టుకి తగలకుండా ఉండే కోణం చూసుకోవాలి. జిమ్నీకి అది 24 డిగ్రీలు. నడుము దగ్గర పైపుని మూడు నాలుగు అంగుళాలు కిందికి వేలాడదీస్తే డబ్బిచ్చి కొన్న ఆ కోణాన్ని మనమే తగ్గించుకున్నట్టు. దాటిపోయే గట్టు మీదే బండి ఇరుక్కుంటుంది. రాయి నుంచి కాపాడాల్సిన వస్తువే ముందుగా రాయికి తగులుతుంది.

మరి ఎవరికీ స్లైడర్లు వద్దంటామా? అనం. మన కొండల రాయి సంగతి మనకి తెలుసు. ఈ కొండల్లో నివసించే ఖోండుల పేరు మీదే ఆ రాయికి ఖోండలైట్ అని పేరు పెట్టారు. వానకి ఎర్రమట్టి కరిగిపోతే దారిలో పళ్లలా బయటికి వచ్చేది అదే. కాశీపురం లోపలి ఊళ్లకి, కల్యాణసింగుపురం వైపు కొండదారులకి పని మీద వారం వారం వెళ్లే సభ్యులున్నారు. శ్రావణంలో మా బండికి నిజమైన స్లైడర్ ఉండి ఉంటే ఆ తలుపు తెరుచుకునేదని కూడా ఒప్పుకుంటాం. అలాంటి దారి రోజూ తొక్కేవాళ్లు తప్పకుండా పెట్టించుకోండి, 40 కేజీలదే పెట్టించుకోండి, సొంత డబ్బుతో పెట్టించుకోండి. మిగతా మనందరం ఎక్కడికి వెళ్తున్నాం? కోరాపుట్ నుంచి సునాబెడ, సిమిలిగుడ, పొట్టంగి, సాలూరు ఘాటీ దిగి విజయనగరం. రాయగడ నుంచి పార్వతీపురం. అంతా తారు రోడ్డు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ కొండలన్నీ విశాఖపట్నం జిల్లాలోవే, మన చుట్టాలు ఇప్పటికీ ఘాటీకి రెండు పక్కలా ఉన్నారు. పెళ్లిళ్లకీ, పేరంటాలకీ, ఆస్పత్రులకీ దిగుతాం, ఎక్కుతాం. సాలూరు ఘాటీ మలుపుల్లో మంచు కమ్మినప్పుడు మనల్ని కాపాడేది గడప కింద పైపు కాదు, అరగని టైర్లు, మంచి బ్రేకులు, పసుపు ఫాగ్ లైటు.

రోడ్డు మీద మనమొక్కళ్లమే లేం అన్నది కూడా గుర్తుంచుకోవాలి. బుధవారం చాటికోన సంత, గురువారం ఒనకడిల్లి సంత. ఆ రోజుల్లో రోడ్డు అంచున వరసగా జనం నడుస్తుంటారు. నెత్తి మీద మూట, భుజాన కావడి, చంకన పిల్ల. మన బండి వాళ్లని రాసుకుంటూ పోతుంది. చక్రం కంటే బయటికి పొడుచుకొచ్చిన పైపు చివర వాళ్ల మోకాలి కింద ఎముక ఎత్తులో ఉంటుంది. ముందు భాగంలో పెట్టే బుల్ బార్లు నడిచేవాళ్లకీ, బండిలో ఉన్నవాళ్లకీ ప్రమాదమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిని తీయించమని రాష్ట్రాలకి రాసింది. పక్కన పొడుచుకొచ్చే పైపుకి మాత్రం ఆ బుద్ధి వర్తించదా? కొండ మనదే అన్నట్టు తిరుగుతున్నాం గానీ, ఆ దారి మనకంటే ముందు వాళ్లది.

చట్టం సంగతి కూడా విందాం. ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్తుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పైపు పెడితే అది మార్పు కిందికి వస్తుందా రాదా అని ఘాటీ మలుపులో నిలబడి వాదించుకునే బదులు, ఓడీ 10 వాళ్లు కోరాపుట్‌లో, ఓడీ 18 వాళ్లు రాయగడలో ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి ముందే అడిగి రండి. బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పండి. సంఘం బండి సంఘం పేరు మీద ఉంది. రేపు క్లెయిము తిరగ్గొడితే ఆ నష్టం పోస్టుకి బొటనవేలు లేపిన నలభై మందిది కాదు, నిధిలో డబ్బు వేసిన ప్రతి ఇంటిది.

"అందరూ పెట్టించుకుంటున్నారు, మన బండి బోసిగా ఉంటుంది" అన్న మాటకి ఏం జవాబు చెప్పాలి? మన బొలెరో పెళ్లికొడుకు కాదు. అది ఈ ఊళ్లో మన వీధులవాళ్లని ఆస్పత్రికి మోసిన బండి, కొందరిని ఆఖరిసారి మోసిన బండి. కొత్తగా కొన్నప్పుడు మజ్జిగౌరమ్మ గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి, "ఎక్కినవాళ్లు క్షేమంగా దిగాలి తల్లీ" అని మనందరం దండం పెట్టుకున్నాం. ఎక్కడం, దిగడం, మనం కోరుకున్నది అదే. ఆ రెంటికీ కావాల్సింది మెట్టు.

అందుకని మేం అడుగుతున్నది ఇది:

1. టోకు ఆర్డరు ఆపండి. అడ్వాన్సు కట్టి ఉంటే వెనక్కి అడగండి.

2. బొలెరోకి ఇప్పుడున్న వంకర స్టెప్పులు తీసేసి, ఛాసీకి బోల్టులతో పట్టే గట్టి మెట్టు పెట్టిద్దాం. పైన గరుకు పలక ఉండాలి, ప్లాస్టిక్ వద్దు. బిగించిన రోజే మనలో బరువైనవాళ్లిద్దరు దాని చివర నిలబడి ఊగి చూడాలి. ఆ తర్వాతే డబ్బు ఇవ్వాలి.

3. తలుపు పక్కన పట్టుకోవడానికి పిడి ఉండాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కాలికంటే చెయ్యి ముఖ్యం.

4. బండిలో ఒక చెక్క పీట పెడదాం. వెడల్పుగా, నాలుగు కాళ్ల మీద కదలకుండా ఉండేది, తాడు కట్టినది. నేల నుంచి పీట, పీట నుంచి మెట్టు, మెట్టు నుంచి బండి. ఇంటి గడప ఎక్కినట్టు ఎక్కుతారు. పని అయ్యాక తాడు పట్టుకుని లోపలికి లాగేయడమే. రాయికి తగలదు, చట్టానికి అడ్డు రాదు, మన వడ్రంగి వీధిలోనే దొరుకుతుంది.

5. మిగిలిన డబ్బుతో ముందు రెండు టైర్లు మార్చి, బండిలో లాగే తాడు, పార, మంచి టార్చి పెడదాం. రాళ్ల దారి వస్తే తోలేవాళ్లం దిగి, ముందు నడిచి చూసి, గాడిలో రాళ్లు పేర్చి దాటిస్తాం. మా తాతలు ఎడ్లబండ్లని అలాగే దాటించారు.

6. రాళ్ల దారిలో పని ఉన్న సభ్యులు సొంత బండికి స్లైడర్ చేయించుకుంటామంటే మాకు ఫోను చేయండి. టేపు పట్టుకుని వెల్డింగు షాపుకి మేమే వస్తాం. పైపు మందం, బోల్టు తల మీద అంకె, గడప సందు, అన్నీ దగ్గరుండి చూస్తాం. టీ ఇప్పిస్తే చాలు.

సంఘం పేరు పైపు మీద చెక్కించక్కర్లేదు. బండి తలుపు మీద ఎలాగూ ఉంది.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం పెట్టండని కార్యదర్శిగారిని కోరుతున్నాం. మా మాటలో తప్పుంటే అక్కడే నిలదీయండి, సరిదిద్దుకుంటాం. చాటున మాత్రం "డ్రైవర్లకేం తెలుసు" అనకండి.

చివరిగా ఒక్కటి. మొన్న వనభోజనాలకి పేర్లు రాసుకుంటూ పిన్నిగారింటికి వెళ్లాం. కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చారు. "నేను రాను నాయనా, ఆ బండంటేనే గుండె దడ" అన్నారు. గుప్తేశ్వరం దాకా వెళ్లి స్వామిని చూడకుండా తిరిగొచ్చిన మనిషి ఆవిడ. ఈసారి కొత్త మెట్టు వేసి, పీట పెట్టి, చెయ్యి పట్టుకుని ఎక్కిస్తామని మాటిచ్చి వచ్చాం. సంఘాన్ని అడగకుండా మాటిచ్చినందుకు క్షమించాలి. ఆ మాట నిలబెట్టడం ఇప్పుడు మీ చేతుల్లో ఉంది.